చిరిగిన చివరి పేజీ

మొదటి బహుమతి పుచ్చుకుని మా పిన్ని కూతురు నా పక్కన కూలబడింది.

“ఏంటక్కా, ఆముదం తాగినట్టు మొహం పెట్టావు?”

“ఏం లేదు. పెట్టి పుట్టావు.”

దేశదేశాల కథల పోటీలో అది చెప్పింది నేను చదివిన కథ. మంచు దేశపు పడవవాడి కథను లైబ్రరీ పుస్తకంలోంచి అమ్మమ్మకు నేనే చదివి వినిపించాను. అమ్మమ్మ దానికి చెప్పింది. నాకు స్టేజీ ఎక్కితే నోరు పెగలదు. అందుకే చప్పట్లు దానికి, కడుపుమంట నాకు.

అంతలో టీచర్ మా దగ్గరికి వచ్చారు.

“ఈ కథ నేనూ చదివానమ్మాయ్. అందులో పడవవాడు సముద్రంలో మునిగిపోతాడు. నువ్వేమో ఇంటికి చేర్చావు. వాళ్లమ్మ ఒక్క మాటా అనకుండా అతని తడిసిన చెప్పులు పొయ్యి దగ్గర ఆరబెట్టిందన్నావే, అక్కడ నాకు ఏడుపొచ్చింది. ఎక్కడిదమ్మా ఆ ముగింపు?”

“ఏమో టీచర్, అమ్మమ్మ అలాగే చెప్పింది.”

లైబ్రరీ పుస్తకంలో చివరి పేజీ చిరిగిపోయి ఉంది. “తర్వాత ఏమైందే?” అని అమ్మమ్మ ఊరుకోకపోతే, నాకు తోచింది చెప్పేశాను.

“చెప్పులు కాదు టీచర్, బూట్లు,” అనేశాను. “మంచులో చెప్పులేంటి? అమ్మమ్మ మార్చేసింది.”

టీచర్ నా వైపు తిరిగారు. “మరి వాళ్లమ్మ?”

“ఆమెను కథలోకి నేనే తెచ్చాను టీచర్.”