డొల్ల చప్పుడు

"కూసోకు పోశం," అంటూ నాయిన నా చెయ్యి పట్టి వెనక్కి గుంజాడు.

ఆ ఉదయమే ఇంటికొచ్చిన బెంచీ అది. కింద చెక్క పెట్టె, పైన పేము అల్లిన మూత. నాయిన వాకిట్లో కూర్చుంటాడని నా మొదటి జీతంతో తెప్పించాను. లోపల ఇంకా ఏమీ సర్దలేదు.

నాయిన చేతికర్రతో చెక్కను మళ్లీ కొట్టాడు. "ఇనవడుతాందా? డొల్ల మోగుతాంది. జల్ది ఇవతలికి రా."

గనిలో పైకప్పును అట్లాగే కొట్టి చూసేవారు. డొల్లగా మోగితే బండ ఊడబోతున్నట్టు. నాయినతో పనిచేసిన పోశం కాక అట్లా ఊడిన బండ కిందే చనిపోయాడు.

"నాయినా, ఇది మన ఇల్లు. నేను డెబోరాను."

"తమాష చెయ్యకు. డెబోరా బడికి పోయింది."

మతి తప్పినప్పటి నుంచి రోజూ ఇదే. రోజూ వాదించేదాన్ని. ఈసారి వాదించలేదు. ఇంట్లోని దుప్పట్లు, బొంతలు తెచ్చి బెంచీ నిండా కుక్కి మూత వేశాను.

"ఇప్పుడు కొట్టి చూడు."

కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఇగ ఫికర్ లేదు. కూసో." నన్ను కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చున్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"పోశం, నాకేమన్నయితే మా బిడ్డ సదువు ఆపొద్దని మీ వదినెకు చెప్పు. నా మాటగ చెప్పు."

నాయినా అని పిలవబోయి ఆగాను.

"చెప్త అన్నా," అన్నాను. "మంచిగ సదువుకుంటది."