మాట కోసం ఆగిన బండి

బండ్లకు తాళాలు పోయి మాటలొచ్చిన కాలం అది. ఎవరి బండికి వాళ్లు ఒక మాట నేర్పుకునేవారు. ఆ మాట చెవిన పడితేనే ఇంజను అందుకునేది. సింగరయ్య పాత వ్యానూ అంతే. ఇప్పుడు ఆ వ్యానులోనే, వెనక, సింగరయ్య తెల్లగుడ్డ కింద పడుకుని ఉన్నాడు. కాటికి కూడా ఇంకో బండిలో పోనని ముందే చెప్పి పెట్టాడు.

మెకానిక్ జిలానీ మీట నొక్కాడు. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు.

"బ్యాటరీ బాగుంది, ఆయిలూ వస్తా ఉంది. దీనికి మాటే అందట్లా," అన్నాడు.

సింగరయ్య తమ్ముడు "పద" అన్నాడు, "కదులు" అన్నాడు, చివరికి "గోవిందా" అని కూడా అరిచాడు. బండి దగ్గి ఊరుకుంది. ఎండ ఎక్కుతోంది.

"వదినా, అన్న దీనికి ఏం మాట నేర్పాడో నీకూ తెలవదా?"

వజ్రమ్మకు తెలుసు. రోజూ పొద్దున బండెక్కి, గుమ్మంలో నిలబడ్డ తనవైపు తిరిగి అతను అనే మాటే అది. చావింట్లో ఎవరూ అనకూడని మాట, అంటే చావు మళ్లీ ఆ గడప తొక్కుతుందని భయపడే మాట. అందుకే ఇందాకటి నుంచి పెదవి బిగబట్టుకుని ఉంది.

ఇక తప్పక బండి దగ్గరికి వెళ్లి, కిటికీలోకి వంగి, అచ్చం అతనిలాగే అంది.

"వెళ్లొస్తా, వజ్రం."

ఇంజను వెంటనే అందుకుంది. జనం తలలు దించుకున్నారు. బండి వాకిలి దాటుతుంటే, ఇన్నేళ్ల అలవాటున వజ్రమ్మ నోట జవాబు దానంతటదే వచ్చేసింది.

"పెందలాడే రా."