ఎదురు చెప్పని ఇంజనీరు

మీటింగుకి ముందే మీటింగు అయిపోయింది. ఆ జపాను కంపెనీలో ఎప్పుడూ అంతే.

వారం రోజులుగా మేనేజరు కురోకవా ఒక్కో బల్ల దగ్గరికీ వచ్చాడు. కాస్త వంగి, గొంతు తగ్గించి, "నెలాఖరుకి పంపులు పంపించేద్దామని ఓనరు గారి ఉద్దేశం, ఏమంటారు?" అని అడిగి వెళ్ళాడు. అందరూ "తమరెలా అంటే అలాగే" అన్నారు. ఇక ఇవాళ గదిలో కూర్చుని, తలలూపి, టీ తాగి లేవడమే మిగిలింది.

ఇంజనీరు మొరిషితా టై బిగించుకుంటూ నీరసంగా మెట్లెక్కాడు. ఈ మధ్య మోకాళ్ళు మాట వినడం లేదు. అతని కాంట్రాక్టు ఈ నెలతో సరి. పొడిగిస్తే బతికిపోతాడు. లేకపోతే కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. కూతురు చూస్తే హైస్కూలు ప్రవేశ పరీక్ష రాసి కూర్చుంది.

"ఇవాళ్టి మీటింగొక్కటీ ఎవరితో పేచీ లేకుండా గట్టెక్కించండి, మీకు పుణ్యముంటుంది" అంది భార్య పొద్దున భోజనం డబ్బా చేతికిస్తూ.

మెట్ల మలుపులో ఒరితో అనే అమ్మాయి ఎదురైంది. పంపుల్ని పరీక్షించే ఇంజనీరు ఆవిడే.

"మూడో పంపు చూశారా? వేగం పెంచితే ఒళ్ళంతా వణికిపోతోంది. వానలు ముదిరాక ఏదో ఒకరోజు ఆగి కూర్చుంటుంది. పంపులు వెళ్ళే ఊరు చూస్తే పల్లంలో ఉంది, నీళ్ళు తోడకపోతే మునుగుతుంది."

"చూశాను."

"మరి మీరు చెప్పండి మొరిషితా గారూ. మీరైతే చెప్పొచ్చు."

"నేనా? నీ నోట్లో నాలుక లేదా తల్లీ?"

"నేను చెప్తే వేరు" అందావిడ నేల చూస్తూ. "మీరంటే ఓనరు గారు ఏమీ అనుకోరు."

నెరిసిన జుట్టుకి ఇచ్చిన మర్యాద కాబోలు అనుకున్నాడు మొరిషితా. ఒళ్ళు మండింది. ఎవరికి ఏ నిజం చెప్పాలనిపించినా తన భుజమే దొరుకుతుంది, తుపాకీ పెట్టుకోవడానికి.

చేరిన కొత్తలో అతనికీ నోరుండేది. ఒకసారి అందరి ముందూ "ఈ లెక్క తప్పు" అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. నిజంగానే తప్పు. దిద్దుకున్నారు కూడా. కానీ ఆ సాయంత్రం అందరూ కలిసి తాగడానికి కూర్చున్నప్పుడు అతని గ్లాసులో బీరు పోసిన మనిషి లేడు. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదాయె. ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని, కాల్చిన చేపలో ముళ్ళు ఏరుతూ ఆ పూట గడిపాడు.

మర్నాటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికి ఎంత వంగాలి, ఎవరి మాట తర్వాత ఎంతసేపు ఊరుకోవాలి, నోటిదాకా వచ్చిన మాటని ఎలా మింగాలి. వయసంతా ధారపోసి నేర్చుకున్నాడు. మొన్న ఏడాది చివరి విందులో కురోకవాయే నవ్వాడు.

"మా అందరికంటే నువ్వే లోతుగా వంగుతున్నావయ్యా!"

ఆ రోజు అతని గ్లాసు ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు.

మీటింగులో ఓనరు గారు బల్ల చివర కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఫలానా తేదీకి పంపులు దించుతానని ఆ ఊరి మేయరుకి మాటిచ్చేసి వచ్చారట. కురోకవా వివరాలన్నీ చదివాడు. చదివి, ఎన్నడూ లేనిది, ఒక ప్రశ్న వేశాడు.

"ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?"

అందరూ కాగితాల్లోకి తలలు దించారు. కురోకవా చూపు బల్ల చుట్టూ తిరిగి తిరిగి మొరిషితా మీద ఆగింది. ఒరితో కూడా అతన్నే చూసింది. తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే తలెత్తారు. ఆఖరికి ఓనరు గారు కూడా కళ్ళు తెరిచారు.

మొరిషితాకి అర్థమైపోయింది. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టే ముందు తనని తూచి చూస్తున్నారు, అంతే. అతను నేర్చుకున్న పద్ధతిలోనే తల పక్కకి వాల్చాడు. పళ్ళ మధ్య నుంచి గాలిని మెల్లగా లోపలికి పీల్చాడు. ఆపైన ఎంత ఆగాలో అంతా ఆగాడు.

"ఆలోచించాల్సిన సంగతులు ఉంటే ఉండొచ్చు... పెద్దలు అన్నీ చూసే ఉంటారు."

అని, వంగాడు.

"సరే మరి" అని ఓనరు గారు లేచారు. పంపుల ప్రయాణం ఖాయమైపోయింది. ఒరితో మాత్రం చల్లారిపోయిన టీలోకి చూస్తూ ఉండిపోయింది.

బయట వరండాలో కురోకవా నాణేలు వేసి మిషన్లోంచి రెండు డబ్బాల కాఫీ తీసి, ఒకటి మొరిషితా చేతిలో పెట్టాడు. ఆయన ముఖానికి పదేళ్ళ వయసు మీదపడ్డట్టుంది.

"నీ కాంట్రాక్టు పొడిగించడం లేదు మొరిషితా."

కాఫీ డబ్బా వేడిగా ఉంది. మొరిషితా దాన్ని అలాగే పట్టుకున్నాడు.

"నేనేం తప్పు చేశాను సార్? ఆ ఒక్కసారి తప్ప ఇన్నేళ్ళలో ఎవరి మాటకైనా అడ్డొచ్చానా? ఇప్పుడు కూడా అందరిలాగే..."

"అందరిలాగే ఉండేవాళ్ళు నాకు గదినిండా ఉన్నారు. నేనూ అందులో ఒకణ్ణే. ఆ మూడో పంపు సంగతి నాకు తెలియదనుకున్నావా?"

"తెలిస్తే మరి తమరే..."

కురోకవా గోడకి చేరగిలబడ్డాడు. ఆయన డొంకతిరుగుడు లేకుండా మాట్లాడగా మొరిషితా వినడం అదే మొదలు.

"ఓనరు ముఖం మీద 'కాదు' అనే మనిషి ఈ దేశంలో దొరకడనే కదయ్యా, మీ తాతలు వలసపోయిన బ్రెజిల్లో పుట్టి పెరిగిన నిన్ను వెతికి మరీ తెచ్చుకున్నాం!"