ఊనా ఇంట్లో రెండు గ్లాసులు

పక్కింటి కర్‌స్టీ ఎఫీకి చెప్పిపోయిన మాటేమిటంటే, రెండు నెలలుగా మధ్యాహ్నం పని ఆగే వేళకి లాక్లన్ తిన్నగా ఊనా ఇంట్లో దూరుతున్నాడట. తలుపేసుకుని, ఎదురెదురుగా కూచుని, విస్కీ గ్లాసులు ముక్కుల దగ్గర పెట్టుకుని, ఇద్దరూ కళ్ళు మూసుకుంటున్నారట. మనకెందుకులే అని తను కిటికీలోంచి రెండుసార్లే చూసిందట.

ఎఫీ శాలువా అయినా కప్పుకోకుండా వానలోనే బయల్దేరింది. లాక్లన్ ఆమె మొగుడు. స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో, విస్కీ బట్టీలో ఏ పీపా పండిందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో ముక్కుతో చెప్పే ఉద్యోగం. ఊనా మొగుడు నీల్ పోయేదాకా ఆ ఉద్యోగం నీల్‌దే. రోజూ పీపాల్లోంచి ఇంత సీసాలో పట్టుకొచ్చి పెళ్ళాంతో కలిసి రుచి చూసేవాడు. ఉద్యోగంతోపాటు ఊనా ఎదుటి కుర్చీ కూడా తన మొగుడికి దక్కిందన్నమాట.

గుమ్మంలోనే లాక్లన్ గొంతు వినబడింది.

"ముందు పీట్ మట్టి కాల్చిన పొగ. దాని వెనకాలే తారు పూసిన పడవ తాడు. రెండు చుక్కలు నీళ్ళు పోస్తే, అడుగున మాడిన తేనె."

"మళ్ళీ చెప్పు," అంటోంది ఊనా.

ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఇంత మెత్తగా మాట్లాడగా ఎఫీ వినలేదు. తలుపు తోసింది.

లాక్లన్ గ్లాసు గబుక్కున బల్ల కింద పెట్టాడు. నీల్ గుర్తుగా ఏదో, అని గొణిగాడు. దులిపేద్దామనే వచ్చిన ఎఫీకి ఏడుపొచ్చేసింది.

"గంజి మాడిపోతే నోరెత్తకుండా తాగావు. మొన్న పిల్లి కూడా ముట్టని చేపని కంచం నాకి మరీ తిన్నావు. నామీద ప్రేమనుకున్నానయ్యా, పిచ్చిదాన్ని."

లాక్లన్ లేచి, తన కోటు తీసి ఆమె తడి భుజాల మీద కప్పాడు. "ప్రేమేనే," అన్నాడు నేల చూస్తూ.

"అయితే ఆ పొగా, ఆ తేనే నాకెందుకు చెప్పవు? నాకు విస్కీ వద్దు. ఆ మాటలు చాలు."

ఊనా తన గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ మాటలు నావి, ఎఫీ. క్రిస్మస్ జలుబుతో నీ మొగుడికి ముక్కు చచ్చిపోయింది. వాసన నేను చూసి చెబుతుంటే, బట్టీలో ఒప్పజెప్పడానికి వల్లె వేసుకుంటున్నాడు."