బోనులో నాలుగో కాలు

కుక్క నాలుగో కాలు కూడా బోనులో పెట్టగానే ఆ పిల్ల “శెభాష్!” అని మెల్లగా అంటూ దాని నోటికి బిస్కెట్ ముక్క అందించింది.

పిన్ని కుట్టు మిషను ఆపి పకపకా నవ్వింది. “ఓసినీ! డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే నలుగురు లాగినా బోనెక్కని మొండిఘటం ఇది. ఏం మందు పెట్టావే?”

“మందేం లేదు పిన్నీ. మొదటిరోజు బోను వైపు చూస్తే చాలు, ఒక ముక్క ఇచ్చా. తర్వాత దగ్గరికొస్తే ఇచ్చా, ఆ తర్వాత ఒక కాలు పెడితే. అంతా ఒకేసారి అడిగితే పారిపోతుంది. మెచ్చుకుంటూ కొంచెం కొంచెం అడగాలి.”

“నా బంగారమే! ఇదిగో, నీకోసం కుట్టిన గౌను. రేపు బడి మానేసి నా కవల పిల్లల్ని చూసుకోమ్మా.”

“రేపు లెక్కల పరీక్ష పిన్నీ. రాయకపోతే పై తరగతికి పంపరు.”

“ఒక్క పరీక్షే కదా! మా అమ్మవి కదూ!”

ఆ పిల్ల గౌను వైపు చూసింది. సెలవుల్లో రెండు రోజులు పిల్లల్ని ఆడించడానికి వచ్చినప్పుడు పిన్ని రిబ్బను ఇచ్చింది. తర్వాత శనివారాలు రమ్మని గాజులు కొనిచ్చింది. తర్వాత మధ్యాహ్నాలు బడి మానేసి రమ్మని దుద్దులు పెట్టింది. ఒక్కనాడూ కసరలేదు. కసిరుంటే ఎప్పుడో ఇంటికి పరిగెత్తేది.

“వద్దు పిన్నీ.” ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

“సిగ్గెందుకే? తీసుకో!”

గౌను మీద ఆశ లేదు. వద్దంటే పిన్ని మొహంలో ఆ నవ్వు ఆరిపోతుందేమోనని భయం. ఆ భయంలోనే చేతులు వాటంతట అవే గౌను వైపు సాగాయి.