దొంగ పోలికలు

“పొడిచేటప్పుడు క్షమించండి అనకూడదు మిత్సుయొ గారూ. వాడు దొంగ,” అన్నాడు పేట పోలీసు కుజె.

పేట సంఘం హాలంతా నవ్వింది. మిత్సుయొ చేతిలో పొడవాటి గెడ, దాని చివర ఇనప చంద్రవంక. దాంతో దొంగను గోడకు అదిమి పట్టాలి. ఆవిడ మాత్రం దుప్పటి ఆరేస్తున్నట్టు ఊపింది.

దొంగ వేషం సంఘం అధ్యక్షుడు షిగెహారుది. హెల్మెట్, దూది చొక్కా, చెక్క కత్తి.

“ఇంత మర్యాద చేస్తే దొంగలు పూటపూటా వస్తారమ్మా,” అన్నాడు.

ఈ తర్ఫీదంతా ఆయన భార్య ఫుమియె పుణ్యమే. నెల కిందట కుజె ఇంటింటికీ తిరుగుతూ వాళ్ల గుమ్మం ఎక్కినప్పుడు ఆమె మెడ మీద వేళ్ల అచ్చులు కనిపించాయి. ఇంట్లో దొంగ పడ్డాడని షిగెహారే చెప్పాడు. ఆమెకు గొంతు పెగల్లేదు. అప్పట్నుంచి పేటంతా పసుపు చొక్కాలు తొడుక్కుని గస్తీ తిరుగుతోంది, అందరికీ ముందు షిగెహారు. దొంగ మాత్రం దొరకలేదు. ఇంకోసారి వాడి చేతుల్లో పడితే ప్రాణాలు దక్కవని ఫుమియెకు తెలుసు.

“నీ వంతు వదినా,” అని మిత్సుయొ గెడ అందించింది.

“మెల్లగా కానీ. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సింది నువ్వే,” అన్నాడు షిగెహారు. మళ్లీ నవ్వులు.

కత్తి ఎత్తి మీదికి వచ్చాడు. ఫుమియె కొయ్యబారిపోయింది.

“అరవండి. అరవనివాళ్లే చచ్చేది,” అన్నాడు కుజె.

ఫుమియె అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. గెడ మణికట్టు మీద పడి కత్తి టీ కప్పుల మధ్యకు ఎగిరింది. రెండో దెబ్బ మోకాలికి. ఒరిగినవాణ్ని మెడ దగ్గర చంద్రవంకతో పట్టి గోడకేసి కొట్టింది. హెల్మెట్ ఊడింది, ముక్కులోంచి రక్తం దూది చొక్కా మీదికి కారింది.

“చాలు... ఏయ్, చాలంటున్నానా?”

“చాలో లేదో దొంగ చెప్పడు,” అంటూ ఇంకా అదిమింది. ఆయన మొహం వంకాయ రంగుకు తిరిగింది.

కుజె రెండుసార్లు ఈల వేసి, చివరికి గెడ పట్టుకుని లాగాడు.

“మా ఆయన్నీ ఓసారి నిలబెడతా వదినా,” అంది మిత్సుయొ. చప్పట్లు మోగాయి.

“ఇంటికి పద, నీ పని చెప్తా,” అన్నాడు షిగెహారు ముక్కు తుడుచుకుంటూ. దానికీ నవ్వారు.

కుజె జేబులోంచి పుస్తకం తీశాడు.

“గొంతు వచ్చిందిగా, ఈసారి మిమ్మల్నే అడుగుతున్నా ఫుమియె గారూ. ఆ దొంగ ఎలా ఉంటాడు?”

“వీడే,” అంది ఫుమియె.