ఒక్క కుట్టు

“ఇంకెంత సేపు చెల్లె? కొండ మీది దవఖానకు బస్సు పోతది.”

గడపలో కూర్చున్న కొండమ్మ అలా అడగడం మూడోసారి.

“ఒక్క చేతి అంచే ఉన్నదక్కా. అయిపాయె,” అంది అష్రఫున్నీసా, అల్లిక మిషను మీది నుంచి తల ఎత్తకుండా.

వికారాబాద్ స్టేషను వెనక సందులో స్వెట్టర్లు అల్లేది ఆమె ఒక్కతే. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటి ఆ చలికి చేతినిండా పని. ఒంటి భాగం మిషను మీద త్వరగానే సాగుతుంది. మణికట్టును పట్టి ఉంచే అంచు మాత్రం చేత్తో తేవాలి. సూది విడిచి సూది మీది కుట్టును కిందికి జార్చి, కొక్కెంతో మెట్టు మెట్టుగా మళ్లీ పైకి అల్లాలి. అప్పుడే అది సాగుతుంది, ముడుచుకుంటుంది.

“గంత కష్టమెందుకు? సాదాగ ఉన్నా తొడుక్కుంటడు.”

“గాలి ఆడికెల్లే దూరుతదక్కా. దగ్గు మనిషి అంటివి.”

“అవు. మా తమ్ముడు.” కొండమ్మ గొంతు తగ్గింది. “తాండూరుల బండల లారీ తోలేటోడు. దేవప్ప అంటే అందరికీ ఎరుకే. ఇప్పుడు గ్లాసు సుత ఎత్తలేడు. ఈ చలి దాటితే చాలంటుండు డాక్టరు.”

కొక్కెం ఆగింది.

“ఏమైంది?”

“ఏం లేదు. కుట్టు తప్పింది.”

“నీ పెనిమిటి ఏం పని జేస్తడు?”

“లేడక్కా. మూడేండ్లాయె.”

“అయ్యో!”

అష్రఫున్నీసా గబగబా అంచు ముగించి, ఒంటి భాగానికి చేతులు కుట్టి, స్వెట్టరు మడిచి ఇచ్చింది. కొండమ్మ దాన్ని గుండెకు అదుముకుని బస్టాండు వైపు నడిచింది.

అష్రఫున్నీసా ఇంకో రంగు ఊలు మిషనుకు ఎక్కించబోయింది. మళ్లీ పక్కన పెట్టేసింది. గోడకేసి చూస్తూ కాసేపు కూర్చుంది. ఉన్నట్టుండి కొక్కెం అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికింది.

బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన కొండమ్మ కనిపించింది.

“అక్కా, స్వెట్టరు జర ఇటియ్యి!”

ఎడమ చేతి అంచులో తాను అల్లకుండా వదిలేసిన కుట్టు ఒకటి ఉంది.

“ఒక్క కుట్టుకు గింత దూరం ఉరికొస్తివా?”

“ఒక్కటి జారితే చాలు. నాలుగు దినాలల్ల భుజం దాక విడిపోతది.”

కొక్కెం అందులోకి దూర్చింది. కుట్టు మెట్టు మెట్టుగా పైకొచ్చింది. ఊలు ముడేసి, పంటితో కొరికి, అంచును రెండుసార్లు సాగదీసి చూసింది.

“ఏడుస్తున్నవా చెల్లె?”

“లే. ఉరికొచ్చిన గద. మీ తమ్ముణ్ణి మంచిగ తొడుక్కొమ్మను. బతుకుతడు.”

బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

మూడేళ్ల కిందట ఆమె భర్తను తొక్కేసిన లారీ నడిపింది దేవప్పే.